ఫ్యాన్ కండెన్సర్ నేనే మార్చుకోవచ్చా? ఇంటి రిపేర్లు నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగోఅంతస్తు | శనివారం, రాత్రి 9:42

గత వారం హాల్లో ఫ్యాను నెమ్మదించింది. రెగ్యులేటరు 5లో పెట్టినా 2లో ఉన్నట్టే తిరుగుతోంది. ఎలక్ట్రీషియన్ రెండ్రోజులు "బయల్దేరా మేడమ్" అన్నాడు. మూడో రోజు వచ్చి, స్టూలు అడిగి ఎక్కి, ఒక చిన్న తెల్ల డబ్బీ (అదే కండెన్సరట, ఫ్యాను మోటారు తిరగడానికి తోడ్పడేది) మార్చి, దిగి 600 అన్నాడు. మొత్తం పది నిమిషాలు. పాత డబ్బీ నా దగ్గరే పెట్టుకున్నాను. దాని మీద 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులు అని ఉంది. వీధి చివర షాపులో అడిగితే 60 రూపాయలన్నారు.

ఇవాళ పడగ్గది ఫ్యానుకీ అదే జబ్బు.

600 పోయిందని ఏడుపు కాదు నాది. చిన్నప్పుడు నాన్న రేడియో విప్పినా, ఇస్త్రీపెట్టె విప్పినా పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడింది నేనే. స్క్రూడ్రైవరు మాత్రం తమ్ముడి చేతికిచ్చేవారు. వాడిప్పుడు బల్బు కూడా మార్చడు, అది వేరే సంగతి. నాకు 34 ఏళ్ళు. కూకట్‌పల్లిలో అమ్మా నేనూ ఉంటాం. ఈ ఫ్యానుతో మొదలుపెట్టొచ్చా? ఏదైనా కోర్సులో చేరాలా?

స్పానర్13 | శనివారం, రాత్రి 9:58

కోర్సు దేనికండీ, యూట్యూబ్‌లో వంద వీడియోలున్నాయి. ఫ్యాను స్విచ్చి కట్టేసి, రెండు వైర్లు తీసి, రెండు వైర్లు పెట్టడమే. 5 నిమిషాలు.

ఐటీఐ_98 | శనివారం, రాత్రి 10:31

స్పానర్ తమ్ముడూ, "స్విచ్చి కట్టేసి" అన్న మాట దయచేసి సరిదిద్దు. నేను ఐటీఐలో రెండేళ్ళు ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, అప్పట్నుంచీ ఈ పని మీదే బతుకుతున్నాను. స్విచ్చిని నమ్మి నిచ్చెన మీంచి పడ్డవాళ్ళని చూశాను.

అమ్మా, స్విచ్చి ఫేజు వైరు (కరెంటు తెచ్చేది) మీద ఉండాలి. చాలా ఇళ్ళల్లో పొరపాటున న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) మీద పడి ఉంటుంది. అలాంటప్పుడు స్విచ్చి కట్టేస్తే ఫ్యాను ఆగుతుంది గానీ పైన వైర్లలో ఫేజు అలాగే కూర్చుని ఉంటుంది. ఇక మెయిన్ దించితే చాలనుకుంటే, ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? మెయిన్ దించగానే అది కరెంటు పోయిందనుకుంటుంది, ఫ్యాన్లకీ లైట్లకీ తన బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఇస్తుంది. పోనీ ఇన్వర్టర్ బటన్ ఒక్కటే ఆపితే లైను కరెంటు దాని గుండా నేరుగా పోతూనే ఉంటుంది. రెండూ ఆపాలి. ఆపాక టెస్టరు పెట్టి చూడాలి. ఆ టెస్టరు బాగుందో లేదో ముందే, కరెంటు ఉండగానే, ఒక ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. ఇంకోటి, ప్లాస్టిక్ స్టూలు మీద చెప్పులతో నిలబడి టెస్టరు పెడితే లోపలి దీపం మసగ్గా వెలుగుతుంది, పగటి వెలుతురులో అసలు కనపడదు. వెలగలేదు కాబట్టి కరెంటు లేదని ధీమా పడొద్దు. మల్టీమీటరు (వోల్టులు కొలిచే పరికరం) కొనుక్కోండి, మామూలుది చాలు. కెపాసిటెన్స్ (కండెన్సర్ మీద మైక్రోఫారడ్‌లలో రాసి ఉండే అంకె) చూసేది అయితే ఇంకా మంచిది, కండెన్సర్‌ని దాంతోనే పరీక్షించుకోవచ్చు.

ఇప్పుడు జబ్బు సంగతి. కండెన్సరే పోయిందని ముందే తేల్చకండి. కరెంటు ఆపి, రెక్కని చేత్తో ఒక తోపు తోయండి. చాలాసేపు హాయిగా తిరిగి ఆగితే బేరింగులు బాగున్నట్టు. రెండు చుట్లకే ఆగినా, గరగరమన్నా బేరింగులు పోయినట్టు, కండెన్సర్ మార్చి లాభం లేదు. బేరింగులు బాగుండి, కరెంటు ఇచ్చినప్పుడు మూలుగుతూ నిలబడి, కర్రతో రెక్కని కదిపితే ఎటు కదిపితే అటు తిరుగుతోందంటే అది చాలావరకు కండెన్సరే. మీది తిరుగుతోంది కానీ నెమ్మదిగా అంటున్నారు కాబట్టి, బేరింగులు బాగుంటే, కండెన్సర్ పూర్తిగా పోలేదు, నీరసించి ఉండొచ్చు.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకె ఎంతో అంతే కొనండి. 2.5 బదులు 4 వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందని షాపువాళ్ళే చెబుతారు. వినకండి, వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) వేడెక్కుతుంది.

గోదారోడు | శనివారం, రాత్రి 11:05

ఐటీఐ గారు కరెంటు చెప్పారు, నేను నీళ్ళు చెబుతానండి. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. బాత్రూంలో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. బావగారి ముందు మన పనితనం చూపిద్దామని పానా తీశాను. గేట్ వాల్వు కట్టేశాను, కుళాయి ఊడదీశాను. తీరా చూస్తే వాల్వు తిరిగిందే గానీ మూసుకోలేదు, లోపల తుప్పు పట్టి పళ్ళెం ఊడిపోయిందంట. మేడ మీద ట్యాంకు వెయ్యి లీటర్లు. గోడలోంచి నీళ్ళు నేరుగా నా మొహాన. బావగారు అరచేత్తో కన్నం మూసుకుని నిలబడితే నేను మేడెక్కి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశాను.

అక్కడితో ఆగితే గోదారోణ్ణి ఎందుకవుతాను? కొత్త కుళాయికి టెఫ్లాన్ టేపు ముప్పై చుట్లు చుట్టి, గట్టిగా ఉండాలని పైపు పానాతో బిగించాను. గోడ లోపల ప్లాస్టిక్ ఎల్బో ఫట్‌మంది. టైల్సు పగలగొట్టి, ప్లంబరు వచ్చి, అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు.

కాబట్టి ఏ కుళాయి తీసే ముందైనా వాల్వు కట్టి, కుళాయి తిప్పి, నీళ్ళు నిజంగా ఆగాయో లేదో చూసుకోండి. టేపు మర బిగిసే దిక్కుకే చుట్టండి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఉండచుట్టుకుపోతుంది. ప్లాస్టిక్ పైపులకి చేత్తో బిగించాక పానాతో ఇంకొంచెం, అంతే.

లెక్కలమాష్టారు | ఆదివారం, ఉదయం 6:50

అందరూ అన్నీ నేర్చేసుకుంటే ఆ పని మీద బతికేవాళ్ళ సంగతేమిటండీ? ఆ కుర్రాడు పది నిమిషాల పనికి కాదు 600 తీసుకున్నది. రానూపోనూ పెట్రోలు, ఆ పని నేర్చుకున్న సంవత్సరాలు, సామాన్ల సంచీ, ఇవన్నీ ఉన్నాయి. సాఫ్ట్‌వేరు వాళ్ళు గంటకి ఎంత తీసుకుంటున్నారో మనం అడుగుతున్నామా?

ఐటీఐ_98 | ఆదివారం, ఉదయం 7:15

మాష్టారూ, మా తరఫున మాట్లాడినందుకు సంతోషం. కానీ నిజం చెప్పనా? కండెన్సర్ పనికి పిలిస్తే మాకూ బద్ధకమే. అందుకే ఆ కుర్రాడు రెండ్రోజులు "బయల్దేరా" అన్నాడు. ఈఎస్ఐ ఏరియా నుంచి కూకట్‌పల్లి పోయి, లిఫ్టు పనిచెయ్యక నాలుగంతస్తులెక్కి, 200 అడిగితే గిట్టదు. 600 అడిగితే దొంగ అంటారు. చిన్న పనులు ఎవరివి వాళ్ళు చేసుకుంటే మేము వైరింగు పనులు, ప్యానెల్ బోర్డులు చూసుకుంటాం. మా పొట్ట కొట్టేది సొంతంగా చేసుకునేవాళ్ళు కారు, మొత్తం విప్పి, స్క్రూలు పారేసుకుని, ఏ వైరు ఎక్కడిదో మర్చిపోయి, రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్ళు.

అందుకని అమ్మా, విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీయండి. ఒక్కో వైరు తీసే ముందు ఒక్కో ఫోటో. స్క్రూలు కోడిగుడ్ల అట్టలో వరసగా వేసుకోండి, తీసిన వరస తలకిందులుగా బిగించుకుంటూ రావచ్చు.

అమ్మమ్మసంచి | ఆదివారం, ఉదయం 9:20

నాలుగోఅంతస్తు గారూ, మీ అసలు కష్టం ఫ్యాను దగ్గర కాదు, షాపులో మొదలవుతుంది. నేను హాఫ్ ఇంచ్ స్పిండిల్ (కుళాయి లోపల తిరిగే ముక్క) అడిగితే "మీవారిని పంపండమ్మా, వారికి తెలుస్తుంది" అన్నాడొకాయన. మావారు స్పిండిల్ అంటే దారం కండె అనుకుంటారు. నేను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: పాత ముక్క కౌంటరు మీద పెట్టి "ఇలాంటిదే ఇవ్వండి" అనడం. మాటలక్కర్లేదు. మీరు హైదరాబాదే కాబట్టి ఒక ఆదివారం కాకుండా మామూలు రోజు ట్రూప్ బజార్ వెళ్ళండి, కరెంటు సామాన్లూ కుళాయి సామాన్లూ పక్కపక్కనే. ఎలక్ట్రానిక్స్ ముక్కలకైతే కోఠీ గుజరాతీ గల్లీ. అక్కడ పేరు సరిగ్గా చెబితే ఎవరైనా మర్యాదగానే ఇస్తారు.

కోర్సు అడిగారు కదా. కోర్సు కన్నా, పాత ఇనుప సామాన్ల బండివాడి దగ్గర చచ్చిపోయిన మిక్సీ ఒకటి కొనండి. దాన్ని విప్పి, మళ్ళీ బిగించండి. పనిచేయకపోయినా పోయేదేం లేదు, ముందే చచ్చిపోయింది.

కరీంనగర్_కాక | ఆదివారం, మధ్యాహ్నం 1:40

మీ ఫ్యాన్ల ముచ్చట మంచిగున్నది. మా దిక్కు ఫ్యాను ఆగితే చెట్టు కింద మంచమేసుకుంటం, మోటరు ఆగితే పొలం ఎండుతది. నేను రిపేరు నేర్చుకున్నది స్టార్టర్ డబ్బా కాడనే.

మూడు ఫేజుల మోటరుకు ఒక ఫేజు పోయిందనుకో, మోటరు తిరగక గుర్రుమంటది, లేదా తిరిగేది రెండు ఫేజుల మీదనే గుంజుకుంటది. గట్ల నడిస్తే వైండింగ్ మాడుతది. ప్రివెంటర్ పెట్టుకుంటే అసొంటప్పుడు అదే బంద్ చేస్తది. మోటరు మాటిమాటికి ట్రిప్ అయితాంటే చాలమంది ఏం చేస్తరు, మోటరు ఎక్కువ కరెంటు గుంజితే బంద్ చేసే ఓవర్‌లోడ్ రిలే ముల్లును పెద్ద నంబరుకు తిప్పుతరు. రోగం చెప్పే నోరు మూసినట్టు. ముందుగాల మూడు ఫేజులు వస్తున్నయా చూడాలె, కాంటాక్టులు నల్లగయినయా చూడాలె, పంపు ఇసుకతోని పట్టేసిందా చూడాలె.

ఇదివరకు రాత్రిపూట కరెంటు ఎప్పుడొస్తదో తెల్వక అందరం ఆటో స్టార్టర్లు (కరెంటు రాంగనే మోటరును అవే నడిపేటివి) పెట్టుకుంటిమి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నంక అవి తీసెయ్యిమన్నరు, నీళ్ళు ఊకె పారి బోర్లు ఎండుతయని. తీసుడు, కలుపుడు ఊర్ల పోరగాండ్లందరికి చేతనయితది.

ఒక్కటి మాత్రం ముట్టద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కి ఫ్యూజు వేసుడు. లైన్‌మన్ రాకపాయె, పొలం ఎండవట్టెనని ఎక్కినోళ్ళు దిగలేదు. మా ఊరి ముచ్చటే చెప్తున్న. గాడ మన చెయ్యి పనికిరాదు.

సీమచిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 3:12

మాది అనంతపురం సైడు. బోరునీళ్ళు ఉప్పు. కొత్త కుళాయి వేస్తే ఏడాది తిరిగేలోపు గట్టిపడుతుంది. సగం తిప్పితే తెరుచుకునే ఈకాలం కుళాయిల్లో రబ్బరు వాషరుండదు, రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. వాటి మధ్య సున్నం పేరుకుంటే కారుతుంది. స్పిండిల్ ఊడదీసి రాత్రంతా వెనిగర్‌లో నానేస్తే చానా వరకు బాగైపోతుంది. మా నాయన నిమ్మకాయలు వాడేవాడు.

గీజరు కూడా అంతే. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది తను అరిగిపోతుంది. ఉప్పునీళ్ళ ఊళ్ళల్లో అది తొందరగా కరిగిపోతుంది, ఎవరూ చూడరు, ట్యాంకు కారినాక కొత్త గీజరు కొంటారు. కానీ గీజరు నేను మొత్తం విప్పను. నీళ్ళూ కరెంటూ ఒకే డబ్బాలో ఉన్నాయి. లోపల ఒత్తిడి పెరిగితే గీజరు పేలకుండా బయటికి వదిలే ప్రెషరు వాల్వు ఒకటుంటుంది పైన, దాన్నుంచి బొట్లు పడుతున్నాయని మా మామ దానికి బిరడా కొట్టాడు. అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

స్పానర్13 | ఆదివారం, సాయంత్రం 4:02

సరే, స్విచ్చి మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి ఏవి ముట్టకూడదో ఎవరైనా చెప్పండి. మా ఇంట్లో మైక్రోవేవ్ పోయింది, రేపు విప్పుదామనుకుంటున్నా.

ఐటీఐ_98 | ఆదివారం, సాయంత్రం 4:09

మైక్రోవేవ్ విప్పకు. ప్లగ్గు తీసేసినా సరే. లోపల పెద్ద కండెన్సర్ 2000 వోల్టుల పైన పట్టుకుని ఉండొచ్చు, ఫ్యాను కండెన్సర్ దీని ముందు పిల్ల. నేనే ముట్టను, దానికి వేరే మనిషున్నాడు. ఏసీకి ఫిల్టరు కడుక్కో, అక్కడితో ఆగు. ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో ఉండే ఆర్32 గ్యాసు అంటుకునే రకం. వంటగ్యాసు వాసన వస్తే ముందు రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి, 1906కి (గ్యాసు లీకు ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చెయ్యి. లీకు ఎక్కడో చూడాలంటే సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తున్నాయా చూడొచ్చు, అగ్గిపుల్ల గీసి కాదు. స్టవ్ పైపు మీద తారీఖు ఉంటుంది, ఐదేళ్ళు దాటితే మార్పించు.

ఇంకో మాట, ఇది అందరికీ. మీ ప్యానెల్ బోర్డులో 'టి' అని బటన్ ఉన్న స్విచ్చి ఉందా చూడండి. అది ఆర్‌సీసీబీ. 30 మిల్లీయాంపులది ఉంటే, కరెంటు మనిషి గుండా భూమిలోకి పోతున్నట్టు తెలిసిన క్షణంలో కట్టేస్తుంది. ఎంసీబీ ఆ పని చెయ్యదు, అది వైర్లు కాలకుండా చూస్తుంది అంతే. 'టి' బటన్ నొక్కితే దిగాలి. దిగకపోతే ముందు దాన్ని బాగుచేయించి తర్వాత ఫ్యాను సంగతి చూద్దురు.

డల్లాస్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:30

ఇక్కడ ప్లంబరు గుమ్మం తొక్కితేనే వంద డాలర్లు దాటుతుంది, అందుకని మేమందరం భయం వల్ల పనిమంతులమయ్యాం. నా మొదటి రిపేరు సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ (తిండి చెత్తని నూరి నీళ్ళతో పంపేసే మిషన్). మా ఆవిడ మునక్కాయ పిప్పి అంతా అందులో వేసింది. మూలుగుతోంది, తిరగట్లేదు. కరెంటు ఆపి కిందికి దూరి చూస్తే అడుగున నడిమధ్యలో ఆరు మూలల కన్నం ఒకటుంది. పావు అంగుళం ఆలెన్ కీ అందులో పెట్టి అటూ ఇటూ ఊపితే పట్టు వదిలింది. పక్కనే ఎర్ర బటన్ నొక్కితే మళ్ళీ బతికింది. పదిహేనేళ్ళు ఇండియాలో ఇంజనీరింగు, ఉద్యోగం చేసి నేను చేత్తో బాగుచేసిన మొదటి వస్తువు అది. ఆ రాత్రి మూడుసార్లు స్విచ్చి వేసి చూశాను.

కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు బర్క్‌లీ లైబ్రరీలో పుస్తకాల్లాగే పనిముట్లు అరువిచ్చేవారు, 1979 నుంచీ ఇస్తున్నారట. డ్రిల్లింగ్ మిషన్ తెచ్చుకుని వారం తర్వాత ఇచ్చేసేవాణ్ణి. మన ఊళ్ళల్లో ఒక అపార్ట్‌మెంటుకి ఒక డ్రిల్లు చాలదూ? ప్రతి ఇంట్లో ఒకటి కొని అటక మీద పడేస్తారు.

జయనగర_తెలుగు | ఆదివారం, రాత్రి 10:11

బాబాయ్, బెంగళూరులో 2015 నుంచి రిపేర్ కెఫే నడుస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మొదలైన పద్ధతి. పాడైన వస్తువు పట్టుకెళ్తే, తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని మన చేతే బాగుచేయిస్తారు. నేను ఒకసారి టేబుల్ ల్యాంపుతో వెళ్ళాను. బాగుచేయించిన పెద్దాయన స్క్రూడ్రైవరు ఒక్కసారి కూడా తన చేతిలోకి తీసుకోలేదు, నేను తప్పు వైరు పట్టుకున్నప్పుడు గొంతు సవరించుకునేవాడు.

కంపెనీ వస్తువులైతే 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ యంత్రాలు, ఈ నాలుగు రకాలకీ విడిభాగాలు, మాన్యువల్ వివరాలు ఒకచోట పెట్టాలని. విప్పే ముందు అందులో మీ వస్తువు మాన్యువల్ ఉందేమో చూసుకోండి, వారంటీ ఉన్నది విప్పకండి.

నాలుగోఅంతస్తు | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 12:25

చేశాను!! అంటే, సగం.

ముందు 'టి' బటన్ నొక్కాను, దిగింది. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాను. రెక్కని తోస్తే చాలాసేపు తిరిగింది. కడ్డీకున్న కప్పు స్క్రూ వదులుచేసి జరిపితే కండెన్సర్ కనపడింది. మల్టీమీటరు పెడితే 2.5 ఉండాల్సింది 1.4 చూపించింది. ఆ అంకె చూసినప్పుడు నాకెంత ఆనందమో. జబ్బు నేనే కనిపెట్టాను కదా! ఫోటోలు తీశాను, మార్చాను, టేపు చుట్టాను, అమ్మని మెయిన్ వెయ్యమన్నాను.

జోరుగా తిరుగుతోంది. కానీ గాలి రావట్లేదు. అమ్మ కింద నిలబడి "గాలి పైకి పోతోందే" అంటోంది. ఫోటోలు చూద్దామంటే, చెయ్యి వణికి ముఖ్యమైన ఫోటో మసగ్గా వచ్చింది.

ఐటీఐ_98 | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 12:41

భేష్. ఫ్యాను ఉల్టా తిరుగుతోంది, అంతే. మోటారు నుంచి మూడు వైర్లు వస్తాయి. ఒకటి రెండు వైండింగులకీ ఉమ్మడి, ఒకటి రన్నింగు, ఒకటి స్టార్టింగు. కండెన్సర్ రన్నింగుకీ స్టార్టింగుకీ మధ్య ఉంటుంది. పైనుంచి వచ్చే ఫేజు రన్నింగు ఉన్న కొసకి కలవాలి. మీరు స్టార్టింగు ఉన్న కొసకి కలిపారు. ఫేజు వైరు ఒక్కటీ కండెన్సర్ అటు కొస నుంచి ఇటు కొసకి మార్చండి. మళ్ళీ మెయినూ ఇన్వర్టరూ ఆపి. ఇప్పుడు కండెన్సర్ చార్జి పట్టుకుని ఉండొచ్చు, తీసిన వెంటనే దాని రెండు కొసలు వేళ్ళతో ముట్టుకోకుండా ఒకదానికొకటి తాకించండి.

నేను ట్రేడు నేర్చుకునేటప్పుడు మొదటి ఫ్యాను ఉల్టానే తిప్పాను. మా సారు తీయనివ్వలేదు, ఆ రోజంతా దాని కిందే కూర్చోబెట్టాడు.

నాలుగోఅంతస్తు | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 1:20

వస్తోంది. గాలి వస్తోంది. అమ్మ నాన్న ఫోటో దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి వచ్చింది, నేను అడగలేదు.

లెక్కలమాష్టారు | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 2:05

శుభం. మా ఇంట్లో కూడా ఒకటి నెమ్మదించిందమ్మా. ఆ మల్టీమీటరు ఏ రకం కొన్నారో చెప్పండి.

నాలుగోఅంతస్తు | ఆదివారం, ఉదయం 8:15

మాష్టారూ, బిల్లు ఫోటో మెసేజ్‌లో పంపాను. ఐటీఐ గారూ, ఇంకో సందేహం. అమ్మ మూడో అంతస్తు పిన్నిగారికి చెప్పింది. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో మిక్సీ ఉంది. జారు కింద కూర్చునే రబ్బరు కప్లర్ (మోటారు తిప్పుడుని జారుకి అందించే చక్రం) పళ్ళు అరిగిపోయాయి. మిక్సీ బోర్లించి, అడుగున షాఫ్టు గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి పట్టుకున్నాను, అటువైపు కప్లర్ ఎంత తిప్పినా ఊడట్లేదు. ఎటు తిప్పాలి?

ఐటీఐ_98 | ఆదివారం, ఉదయం 8:22

మీరు ఎటు తిప్పుతున్నారో దానికి ఎదురు తిప్పండి. మోటారు తిరుగుతున్నప్పుడు కప్లర్ వదులు కాకుండా ఇంకా బిగుసుకునేలా మర పెడతారు. అందుకని మోటారు తిరిగే దిక్కుకే తిప్పితే ఊడుతుంది. ప్లగ్గు తీసే ఉంది కదా? చేతికి గుడ్డ చుట్టుకోండి, వదిలినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది.